మట్టి కదిలే దాకా

2021 నవంబర్‌లో ఒక శనివారం పొద్దున నేను బాబ్‌క్యాట్ అనే ఒక అడవిపిల్లి నోటి దగ్గరి కూడు చెడగొట్టాను.

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న పాయింట్ రేయిస్ నేషనల్ సీషోర్‌లో, పియర్స్ పాయింట్ రోడ్డు మీద జరిగిందిది. ఏడున్నర అవుతోంది. పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. రోడ్డుకి ఎడమ పక్క పచ్చికలో అది కూర్చుని ఉంది, నాకు వీపు పెట్టి, నేలకేసి చూస్తూ. టీవీలో తప్ప ఎక్కడా చూడని జంతువు అంత దగ్గర్లో కనబడేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. కారు ఆపాను, తలుపు తీశాను, ఫోన్ పట్టుకుని దిగాను. తలుపు చప్పుడుకి అది తల తిప్పి నన్ను చూసింది. లేచింది. పరిగెత్తలేదు కూడా. చేస్తున్న పని చెడిపోయి లేచి వెళ్లే మనిషిలా నాలుగడుగులు వేసి పొదల్లోకి వెళ్లిపోయింది. ఫోన్‌లో మిగిలింది మసకగా ఉన్న ఒక్క ఫోటో, అందులో రెండు వెనక కాళ్లు.

అది అక్కడ ఎందుకు కూర్చుందో అప్పుడు నాకు తెలియదు. ఎండ కోసం కూర్చుందనుకున్నాను. అది వేటలో ఉందని, ఎంతసేపటి నుంచో అలాగే కదలకుండా కూర్చుని ఉంటుందని అర్థమవడానికి ఆ చలికాలమంతా పట్టింది. ఒక వేటని మొదటి నుంచి చివరి దాకా కళ్లారా చూడటానికి ఇంకో చలికాలం పట్టింది.

నేను ఉండేది ఫ్రీమాంట్‌లో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. పాయింట్ రేయిస్ అక్కణ్ణుంచి రెండు గంటల దారి. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి, రిచ్‌మండ్ బ్రిడ్జి దాటి, శాన్ రఫేల్ మీదుగా రెడ్‌వుడ్ చెట్ల మధ్య చీకటి దారిలో వెళ్తే, ఆ చెట్లు అయిపోయి ఆకాశం కనబడే వేళకి తూర్పున తెల్లబడుతుంది. నెలలో రెండు శనివారాలు నాకు వదిలేయమని ఇంట్లో అడిగాను. మా ఆయన పిల్లల స్విమ్మింగ్ క్లాసులు తను చూసుకుంటానన్నారు. ఆ రెండు శనివారాలూ లేకపోతే ఇదంతా జరిగేది కాదు.

బాబ్‌క్యాట్ అంటే ఏదో చిరుతపులంత ఉంటుందని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. అంత ఉండదు. ఆడది ఆరేడు కిలోలు, బాగా ఎదిగిన మగది పది పన్నెండు కిలోలు. ఇంటి పిల్లికి రెట్టింపు అనుకుంటే సరిపోతుంది. ముందు కాళ్ల కన్నా వెనక కాళ్లు పొడవు, అందుకే నడుస్తుంటే నడుం భాగం ఎత్తుగా కనబడుతుంది. తోక జానెడు కూడా ఉండదు, కత్తిరించినట్టు ఆగిపోతుంది. బాబ్ అంటే పొట్టిగా కత్తిరించడం, ఆ పేరు ఆ తోక వల్లే వచ్చింది. తోక చివర పైన నలుపు, అడుగున తెలుపు. చెవుల వెనక ఒక్కో తెల్ల మచ్చ. అది వెనక్కి తిరిగి గడ్డిలో కలిసిపోయినప్పుడు నాకు ముందు కనబడేది ఆ రెండు తెల్ల మచ్చలే. లింక్స్ అనే అడవిపిల్లుల జాతిలో ఉన్న నాలుగు రకాల్లో ఇదొకటి. కెనడా దక్షిణ భాగం నుంచి మెక్సికో దాకా ఉంటుంది. ఊళ్ల పక్కనే ఉన్నా చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా చూడరు.

పాయింట్ రేయిస్‌లో కనబడటానికి కారణం ఉంది. 1962లో దీన్ని నేషనల్ సీషోర్‌గా ప్రకటించినప్పుడు లోపలున్న డెయిరీలనీ ర్యాంచ్‌లనీ ఉండనిచ్చారు. ఆవులు మేసి మేసి గడ్డి పొట్టిగా ఉంటుంది. పొట్టి గడ్డిలో పిల్లి దాక్కోలేదు, మనకి కనబడుతుంది. చాలా ర్యాంచ్‌లు ఖాళీ చేసేలా 2025 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఆవులు వెళ్లాక గడ్డి పెరిగితే పిల్లులకి మంచో చెడో గానీ, నాలాంటి వాళ్లకి కనబడటం మాత్రం కష్టమవుతుందని నా భయం.

మొదటి చలికాలం నేర్చుకున్నవన్నీ చెయ్యకూడని పనులే. కారు దిగకూడదు. పిల్లి కనబడగానే బ్రేక్ తొక్కకూడదు. కొంచెం ముందుకి వెళ్లి, రోడ్డు పక్క జాగా ఉన్నచోట మెల్లగా ఆపి, ఇంజన్ ఆపేయాలి. అద్దం ముందే దించి పెట్టుకోవాలి, మోటారు చప్పుడు కూడా దానికి వినబడుతుంది. అక్కడి పిల్లులు వెళ్లే కార్లకి అలవాటు పడ్డాయి. కారు వాటికి ఇంకో ఆవు లాంటిది. అందులోంచి రెండు కాళ్ల మనిషి దిగితేనే కంగారు. నేషనల్ పార్కుల్లో అడవి జంతువులకి కనీసం 25 గజాల దూరంలో ఉండమంటారు. వేటలో ఉన్న పిల్లికి అది కూడా దగ్గరే అనిపించి నేను ఇంకా దూరం పాటించడం మొదలుపెట్టాను. ఫోటోల పిచ్చి పక్కనపెట్టి ఒక మంచి బైనాక్యులర్స్ కొన్నాను, 8×42, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది. ఇంతకన్నా పెద్దగా చూపించేవి ఇంకా ఉన్నాయి గానీ చేతి వణుకుని కూడా అంతే పెద్దగా చూపిస్తాయి.

అడుగులు గుర్తుపట్టడం కూడా అప్పుడే నేర్చుకున్నాను. ఆబట్స్ లగూన్ దారిలో తడి ఇసకలో ఒకసారి వరసగా కనబడ్డాయి. గుండ్రంగా, రూపాయి బిళ్ల కన్నా రెండింతల వెడల్పున, నాలుగు వేళ్లతో. గోళ్ల గుర్తు లేదు. కుక్కదైనా, నక్క లాంటి కొయోటీదైనా వేళ్ల ముందు గోళ్లు చుక్కల్లా పడతాయి, పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. ఇంకో విషయం, నాలుగు కాళ్ల జంతువు నడిచినా రెండు కాళ్లదే నడిచినట్టు ఉన్నాయి అడుగులు. ముందు కాలు ఎత్తిన చోటే వెనక కాలు పెడుతుంది. ముందు కాలు పెట్టినప్పుడు పుల్ల విరగలేదంటే వెనక కాలుకీ విరగదు. ఆ ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని ఎంతసేపు చూశానో.

పిల్లులు కనబడ్డాయి, నడుస్తూనో పడుకునో. వేట మాత్రం కనబడలేదు. మార్చి వచ్చేసరికి గడ్డి పెరిగింది, పిల్లి చెవుల కొసలు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ ఏడాదికి అంతే.

2022 అక్టోబర్ చివర్లో అత్తయ్య గారూ మావయ్య గారూ వచ్చారు. మావయ్య గారిది కోనసీమ, అమలాపురం దగ్గర పల్లె. నాలుగెకరాల వరి చేను, ఇప్పటికీ గట్టు మీదికి వెళ్లిరానిదే ఆయనకి పొద్దు గడవదు. ఇక్కడికొచ్చాక జెట్‌లాగ్‌తో రాత్రి రెండింటికే లేచి హాల్లో చీకట్లో కూర్చునేవారు. ఒక శనివారం నేను నాలుగింటికి ఫ్లాస్కులో టీ పోస్తుంటే, "ఎక్కడికమ్మా ఇంత పొద్దున్నే?" అన్నారు. పిల్లిని చూడటానికి అని చెప్పాను. "పిల్లినా?" అని ఒక్క నిమిషం ఆగి, "నేనూ వస్తా. ఇక్కడ కూచుని చేసేదేముంది," అని కోటు వేసుకున్నారు.

ఆయన అంతకుముందు మా కారులో గుడికీ కాస్ట్‌కోకీ తప్ప వెళ్లలేదు. దారంతా మాట్లాడలేదు. పాయింట్ రేయిస్‌లో తెల్లారాక, ఆ పచ్చికబయళ్లు చూసి కొంచెం ముందుకి వంగి కూర్చున్నారు. నేను అలవాటుగా పొదల అంచులన్నీ బైనాక్యులర్స్‌తో గాలిస్తున్నాను. ఆయన నేలని చూస్తున్నారు.

"అమ్మా, ఆ మట్టి ఎవరు తోడారు?"

గోఫర్లు అని చెప్పాను. భూమిలో బొరియలు చేసుకుని వేళ్లూ దుంపలూ తిని బతుకుతాయి, ఎలుక కన్నా బొద్దుగా, మన పందికొక్కు కన్నా చిన్నగా ఉంటాయి, చెంపలకి బయట సంచులుంటాయి, వాటిలో మేత నింపుకుని పోతాయి. నాకు తెలిసిందంతా చెప్పాను. ఆయన విన్నారు. "మరి నువ్వు పిల్లిని వెతుకుతావేంటి? అది నీకెందుకు కనబడుద్ది? ఎలకని వెతుకు. పిల్లి దాని దగ్గరికే వస్తుంది," అన్నారు.

ఏడాది పాటు నేను ఆ మట్టికుప్పల పక్కనుంచే వెళ్లాను. వాటిని చూడలేదని కాదు, అన్నీ ఒకేలా కనబడేవి. మావయ్య గారు ఒక్కొక్కటీ చూపిస్తుంటే తేడా తెలిసింది. గోఫర్ తోసిన మట్టి చుట్టూ సమానంగా పడదు, చేటతో ఒక పక్కకి విసిరినట్టు పడుతుంది. కన్నం ఆ చేట మొదట్లో ఉంటుంది, పని కాగానే లోపలి నుంచి మట్టితోనే బిరడా వేసుకుంటుంది. పాత కుప్ప మీద వాన చినుకుల గుంటలుంటాయి, పైన ఆరిపోయి తెల్లబడి ఉంటుంది. తాజాది నల్లగా, తడిగా, పిడచలు పిడచలుగా ఉంటుంది. "మా దగ్గర ఎలకల బుట్టలు పెట్టేవాళ్లు చేలో దిగీ దిగకుండానే చెప్పేస్తారు, ఏ కన్నం బతికుందో ఏది చచ్చిందో. తడి మట్టి ఉంటేనే బుట్ట పెడతారు," అన్నారు. అలా ఎంచగా మా ముందున్న బయల్లో ముప్పై నలభై కుప్పలుంటే బతికున్నవి నాలుగు తేలాయి. ఆ నాలుగూ కనబడేలా కారు జరిపి ఆపాను.

ఆ రోజు పిల్లి రాలేదు. కానీ నేను చూసే పద్ధతి మారిపోయింది.

కారులో కూర్చుని గంటలు గడపాలంటే మాటలు కావాలి. ఒకరోజు మాటల్లో మా ఇంటి దగ్గర చూసిన పిల్లి సంగతి వచ్చింది. మిషన్ పీక్ కొండ కింద వాగు పక్కన, పట్టపగలు, మనుషులు తిరుగుతున్నా పట్టించుకోకుండా ఒక బాబ్‌క్యాట్ కూర్చుని ఉంది. మొహమంతా గజ్జి పట్టి, బొచ్చు ఊడి, కళ్లు మూతలు పడి. దాన్ని చూసి వచ్చాక రెండు రాత్రులు నిద్రపట్టలేదు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న శాంటా మోనికా కొండల్లో 1996 నుంచీ నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లు బాబ్‌క్యాట్లని పరిశీలిస్తున్నారు. 2000ల మొదట్లో అక్కడ గజ్జితో చాలా పిల్లులు చచ్చిపోయాయి. వాటి ఒంట్లో ఎలుకల మందు దొరికింది, రక్తం గడ్డకట్టకుండా చేసే రకం. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా తిరుగుతుంది. అలాంటిదే పిల్లికి సులువుగా దొరుకుతుంది.

బ్రోమాడయోలోన్ లాంటి ఆ రకం మందుల్ని కాలిఫోర్నియాలో 2021 జనవరి నుంచి చాలావరకు ఆపేశారని చెప్పాను. ఆ పేరు వినగానే మావయ్య గారు నావైపు తిరిగారు. "మా వ్యవసాయశాఖ వాళ్లు నూకల్లో నూనె కలిపి పొట్లాలు కట్టి పెట్టించేది అదే కదమ్మా?" అవునన్నాను. ఎలుకలు కంకులు కొరికేస్తుంటే రైతు ఊరుకోలేడు, ఆ బాధ ఆయనకి తెలిసినంత నాకు తెలియదు. కాసేపు ఊరుకుని, "మునుపు రాత్రిళ్లు గట్టు మీద బావురుపిల్లి కనబడేది. కనబడి చాన్నాళ్లయింది," అన్నారు. దాని మీద నేనేమీ అనలేదు. అదే కారణమో కాదో చెప్పగలిగినంత జ్ఞానం నాకు లేదు.

ఆ వారం నేను మా ఇళ్ల సముదాయం చూసుకునే వాళ్లకి ఉత్తరం రాశాను, గోడల వెంట ఎలుకల కోసం పెట్టిన నల్ల డబ్బాల్లో ఏముందని అడుగుతూ. జవాబు రాలేదు. మూడో ఉత్తరానికి డబ్బాలు తీసేశారు. బాబ్‌క్యాట్లకి ఉచ్చులు పెట్టడం ఈ రాష్ట్రంలో 2015లోనే నిషేధించారు, 2020లో తుపాకీతో వేటాడటం కూడా ఆపే చట్టం అమల్లోకి వచ్చింది. అంత పోరాడి కాపాడుకున్న జంతువు గోడ పక్క డబ్బా వల్ల పోతుంటే ఊరుకోబుద్ధి కాలేదు.

డిసెంబర్ ఆఖరి నుంచి జనవరి మధ్య దాకా ఒకదాని వెనక ఒకటి తుఫాన్లు. 2023 మొదట్లో కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఆ వానలు గుర్తుండే ఉంటాయి. చెట్లు పడ్డాయి, రోడ్లు మూసేశారు, మూడు వారాలు కదల్లేదు. మావయ్య గారు కిటికీలోంచి వాన చూస్తూ, "తెరిపిచ్చాక చూడు, బొరియల్లో నీళ్లు పోయుంటాయి, అన్నీ కొత్తగా తవ్వుకుంటాయి," అన్నారు. అలాగే అయింది. జనవరి నెలాఖరున వెళ్లేసరికి బయలంతా నల్లటి కుప్పలు.

ఆ రోజు మొదటిసారి దూకడం చూశాను. దూరంగా, వాలు మీద ఒక మగపిల్లి. నాలుగడుగులు వేయడం, ఆగడం, వినడం. దాని చెవులు రెండూ విడివిడిగా తిరుగుతున్నాయి, ఒకటి ముందుకి, ఒకటి పక్కకి. ఒక కుప్ప దగ్గర ఆగి పది నిమిషాలు నిలబడి గాల్లోకి లేచింది. దిగింది. మట్టిలో ముక్కు పెట్టి చూసి, వెనక్కి తిరిగి చూడకుండా నడిచింది. తప్పిపోయింది. అక్కడికి నూరు గజాల్లో ఒక పెద్ద నీలి కొంగ, గ్రేట్ బ్లూ హెరాన్, అంతసేపూ కర్రలా నిలబడి ఉంది. పిల్లి వెళ్లిన కాసేపటికి అది మెడ ఒక్కసారి విసిరి గోఫర్‌ని ముక్కున పట్టి పైకి లేపింది. చేపల కోసం నీళ్లలో నిలబడే కొంగ, పొలంలో ఎలుకని పట్టి అమాంతం మింగింది. దాని గొంతులో ఆ ముద్ద దిగడం కూడా కనబడింది. మావయ్య గారు నవ్వి, "దానికున్న ఓపిక దీనికి లేదు," అన్నారు. అది మగపిల్లి సంగతి. ఆడపిల్లిని మేమింకా చూడలేదు.

ఫిబ్రవరి రెండో శనివారం, పియర్స్ పాయింట్ రోడ్డు. ఏడుంబావుకి కారు ఆపాం. మా ఎదురుగా, కంచెకి అవతల, నలభై గజాల్లో ఒక బతికున్న కుప్ప. రాత్రి మంచుకి గడ్డంతా తెల్లగా ఉంది, ఆ కుప్ప ఒక్కటే నల్లగా ఉంది. మంచు పడ్డాక తోసిన మట్టి అన్నమాట. నా నోట్‌బుక్‌లో సమయాలు రాసి ఉన్నాయి, అవే చూసి చెబుతున్నాను.

7.50కి కుడి పక్క పొదల్లోంచి వచ్చింది. కొయోటీ బ్రష్ అంటారు ఆ పొదల్ని, ఆ తీరమంతా అవే. చిన్నది, మొహం సన్నగా ఉంది, ఆడది అనుకున్నాం. కంచె వెంట నడిచింది, రెండు పాత కుప్పల్ని దాటేసింది. వాసన కూడా చూడలేదు. మూడోది మాది. దానికి ఆరడుగుల దూరంలో ఆగి, తల కొంచెం పక్కకి వంచి విని, కూర్చుంది. 7.58.

తర్వాత ఇరవై నిమిషాలు ఏమీ జరగలేదు. బైనాక్యులర్స్ పట్టుకుని చేతులు లాగుతున్నాయి, కిటికీ అంచు మీద మోచేయి ఆనించాను. ఒక ట్రక్ వెళ్లింది, అది తల తిప్పలేదు. ఆవు ఒకటి దాని వెనకనుంచి నడిచి వెళ్లింది, తల తిప్పలేదు. ఒక్క చెవి మాత్రం ఆవు వైపు తిరిగి మళ్లీ ముందుకొచ్చింది. వీపు మీది బొచ్చు మీద మంచు కరిగి చుక్కలయి మెరుస్తోంది.

8.19కి మట్టి కదిలింది. కుప్ప మీద ఒక పిడచ పైకి లేచి పక్కకి దొర్లింది. నేను ఊపిరి బిగబట్టాను. దూకుతుందనుకున్నాను. దూకలేదు. మెడ మాత్రం ఒక బెత్తెడు ముందుకి చాపింది. కన్నంలో గోధుమరంగు తల కనబడింది, రెండు ముందు కాళ్లతో మట్టి తోసి వెంటనే లోపలికి పోయింది. అప్పుడు పిల్లి లేచి ఒక్క అడుగు వేసింది. అడుగు గాల్లో ఉండగానే మళ్లీ మట్టి కదిలింది, ఆ కాలు అలాగే గాల్లో ఆగిపోయింది. గోఫర్ లోపలికెళ్లాకే ఆ కాలు నేల మీద పెట్టింది.

"చూశావా, అది లోపలుండగానే ఇది అడుగేస్తోంది," అన్నారు మావయ్య గారు గుసగుసగా.

అవును. గోఫర్ కళ్లు బాగా చిన్నవి, కానీ నేల అదురు దానికి తెలుస్తుంది. తను లోపల మట్టి తవ్వుతూ చప్పుడు చేసుకుంటున్నప్పుడే పిల్లి అడుగు దానికి తెలియదు. నాలుగు తోపులకి నాలుగడుగులు. ఒక్కో తోపుకీ గోఫర్ ఇంకొంచెం బయటికొస్తోంది. మొదట తల, తర్వాత భుజాలు. ఆ మొదటి రోజు నేను కారు తలుపు తీసింది ఎక్కడో ఈ నాలుగడుగుల మధ్యే.

8.36కి పిల్లి పూర్తిగా వంగింది. కడుపు నేలకి ఆనింది, చెవులు నిటారుగా ముందుకి. వెనక కాళ్లు రెండూ నేలని అటూ ఇటూ తొక్కుతున్నాయి, నడుం ఊగుతోంది, పొట్టి తోక కొస అదురుతోంది. మన ఇంట్లో పిల్లికూన దారం ఉండ మీదికి దూకే ముందు చేసేది ఇదే.

గోఫర్ భుజాల దాకా బయటికొచ్చింది. పిల్లి ముందుకి దూకుతుందనుకున్నాను గానీ, పైకి లేచింది. నాలుగు కాళ్లూ నేల విడిచి, నడుం విల్లులా వంగి, మనిషి నడుమెత్తు దాకా లేచి, ముందు కాళ్లు రెండూ జత చేసి నిలువుగా ఆ కన్నం మీద దిగింది. పైనుంచి దిగితే గోఫర్ లోపలికి జారే దారి మూసుకుపోతుంది. మొహం మట్టిలోకి దూర్చింది. రెండు క్షణాలు దాని వీపు తప్ప ఏమీ కనబడలేదు. తల ఎత్తేసరికి నోట్లో ఉంది.

అప్పుడు దాని మొహం సరిగ్గా మా వైపు తిరిగింది. ముక్కు నిండా నల్లమట్టి. మీసాలు రెండు పక్కల నుంచీ ముందుకొచ్చి గోఫర్‌ని చుట్టి పట్టుకున్నట్టు ఉన్నాయి. పిల్లి జాతికి మూతి దగ్గర ఉన్నది కళ్లకి స్పష్టంగా ఆనదు, పట్టుకున్న ఎర ఎటు కదులుతుందో ఆ మీసాలే చెప్పాలి. మెడ వెనక పట్టు పట్టింది. గోఫర్ పళ్లు బయటికి కనబడుతున్నాయి, పసుపు పచ్చగా, ఉలి మొనల్లా. ఆ పళ్లు తనకి తగలకుండా తల పక్కకి తిప్పి పట్టుకుని, ఒక్కసారి గట్టిగా నొక్కింది. కాళ్లు తన్నుకోవడం ఆగిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. గోఫర్ మీద జాలా, పిల్లికి దొరికిందన్న సంతోషమా అంటే రెండూ అనే చెప్పాలి. మట్టి తోసుకుంటూ తన ఇల్లు కట్టుకుంటున్న ప్రాణి అది. నలభై నిమిషాలు చలిలో బొమ్మలా కూర్చున్న ప్రాణి ఇది. మావయ్య గారు నా చేతిలోంచి బైనాక్యులర్స్ మెల్లగా తీసుకుని తను చూశారు. చాలాసేపు చూశారు.

పిల్లి దాన్ని పది అడుగులు మోసుకెళ్లి పొద మొదట్లో కూర్చుని తల వైపు నుంచి మొదలుపెట్టింది. పక్క పళ్లతో, తల వంచి, కళ్లు సగం మూసుకుని. నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది. పేగుల ముద్ద ఒక్కటి గడ్డి మీద వదిలేసి, ముందు కాలు నాకి మొహం తుడుచుకుంది. ముక్కు మీది మట్టి పోవడానికి మూడుసార్లు తుడవాల్సి వచ్చింది. అది అటు జరగగానే బొంతకాకి లాంటి రేవెన్ ఒకటి ఎక్కణ్ణుంచో దిగి ఆ ముద్ద ఎత్తుకుపోయింది.

"ఆ కన్నంలో ఇంకోటి ఉంటుందిగా? అక్కడే కూచోవచ్చుగా అది?" అన్నారు మావయ్య గారు.

గోఫర్లు ఒంటరిగా ఉంటాయి, ఒక బొరియకి ఒకటే అని చెప్పాను.

"అలాగా. మా ఎలకలు అలా కాదు, పిల్లలూ జెల్లలూ అన్నీ ఒక్కచోటే," అని, ఎడమ పక్కకి చూసి, నా మోచేయి తట్టారు.

పిల్లి కంచె వెంట నడుస్తోంది. ఒక కుప్ప దాటింది, రెండోది దాటింది. మూడో దాని దగ్గర ఆగి తల పక్కకి వంచింది. పొద్దున మేం లెక్కపెట్టిన బతికున్న కుప్పల్లో అదొకటి. కూర్చుంది.

టైమ్ చూసి రాసుకున్నాను, 8.57. ఫ్లాస్కులో టీ ఇంకా రెండు సగం కప్పులకి సరిపడా ఉంది. ఆయనకొకటి పోసి ఇచ్చాను, శబ్దం కాకుండా.